దేహపటుత్వమునకు కొలమానములు

బలవంతుడెవ్వడన్న ప్రశ్నకు పూర్వులు ప్రదర్శనమునే ప్రత్యుత్తరముగా గ్రహించిరి. గోదాలో ఎదిరి వీపును నేలకంటించినవాడే మల్లుడు. ఊరి నడుమ పడియున్న గుండును భుజముపై కెత్తినవాడే మొనగాడు. మన పల్లెలలో తాలింఖానాలు కళకళలాడిన దినములలో సంగిడిరాళ్లే తూనికరాళ్లు. చూచిన ప్రతివానికిని తీర్పు తత్క్షణమే తెలియుట ఈ పద్ధతియందలి గుణము. ఒక ఊరి గుండు నెత్తినవానికిని, మరియొక ఊరి గుండు నెత్తినవానికిని గల తారతమ్యమును నిర్ణయింప వీలులేకుండుట దీని కొరత. ఆ కొరతను తీర్చుటకై పాశ్చాత్యులు రెండువందల యేండ్లకు పైగా గావించిన యత్నముల చరిత్ర మన వ్యాయామోపాధ్యాయులకు తెలిసియుండవలసినది.

చేతబట్టి తీసికొనిపోదగిన బలమాపకమును 1798లో వెల్లడించినవాడు ఫ్రాన్సు దేశస్థుడగు ఎడ్మే రేనియే. మనుష్యుని బలము ఏ వయస్సున ఎంత యుండునో తెలిసికొనగోరిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు బ్యుఫాన్ ప్రోత్సాహమే ఈ కల్పనకు మూలము. అండాకారముగా వంచిన ఉక్కు కమాను, దానికి అమర్చిన అంకెల పలక, పలకపై ఒక ముల్లు — ఇంతియే పరికరము. రెండు చేతులతో కమానును నొక్కినచో పిడికిటి బలమును, పాదముల క్రింద దానిని బంధించి పైకి లాగినచో నడుము బలమును ముల్లు చూపును. 1800లో బోదాన్ నాయకత్వమున ఆస్ట్రేలియాకు బయలుదేరిన ఫ్రెంచి నౌకలలో ఫ్రాన్స్వా పెరోన్ అను యువకుడు దీనిని వెంటగొనిపోయి, టాస్మేనియా, ఆస్ట్రేలియా, టిమోరు వాసులచేతను, నావికులచేతను, సిడ్నీలోని ఆంగ్లేయులచేతను నొక్కించి, లాగించి, నాగరకులే అధిక బలవంతులని 1807లో ప్రకటించిన గ్రంథమున తీర్పు చెప్పెను. తామెన్నడును కని విని యెరుగని లోహఖండమును అపరిచితుని యెదుట నొక్కవలసివచ్చిన దీవివాసుల సంకోచమును ఆ ముల్లు కొలువలేదు. వారు మైళ్లకొలది నడచు నడకను అసలే కొలువలేదు. పిడికిటి బలమును, నడుము బలమును మాత్రమే గ్రహించి జాతికి జాతి దేహశక్తినంతయు నిర్ణయించుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

లండనులో 1884లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనమున ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ మూడు పెన్నీల రుసుముపై 9,337 మంది చూపు, వినికిడి, ఊపిరి, లాగుబలము మున్నగువానిని కొలిచెను. పిడిగ్రుద్దు వేగమును కొలుచుటకై ఆయన అమర్చిన కర్రను సూటిగా గ్రుద్దుట చేతగాక పలువురు విరుగగొట్టిరి. దానికి మారుగా గట్టి ఓకు కర్ర నమర్చగా అదియు విరిగెను. పరీక్షకు నిలుచువానికి ముందుగా అభ్యాస మీయవలెనన్న నియమము ఎంత యవసరమో దీనివలన తెలియగలదు.

శరీరమును కొలుచుట వేరు, శరీరము చేయగల పనిని కొలుచుట వేరు అను వివేకమునకు డడ్లీ సార్జెంట్ జీవితమే నిదర్శనము. యౌవనమున సర్కసులో విన్యాసములు చేసిన ఈ అమెరికను, తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయపు వ్యాయామశాలకు అధిపతియై, మొదట విద్యార్థుల ఛాతీని, జబ్బలను, తొడలను టేపుతో కొలిపించెను. క్రమముగా ఆ కొలతలు చాలవని గ్రహించి 1921లో ఒక సులభ పరీక్షను ప్రకటించెను. తరువాత వాడుకకు వచ్చిన దాని రూపమున, గోడప్రక్కన నిలిచి చేయి చాచి అందినంత మేర గురుతు పెట్టవలెను; పిదప నిలిచిన చోటనుండియే ఎగిరి మరల గురుతు పెట్టవలెను; రెండు గురుతుల నడుమనున్న దూరమే ఫలితము. సుద్దముక్క తప్ప ఖర్చులేని ఈ పరీక్ష, బలమును వేగమును కలిసి ఒక్క క్షణమున విస్ఫోటించు శక్తిని పట్టి చూపును. సర్కసునుండి సార్జెంట్ వ్యాయామ విద్యకు రాగా, మన కోడి రామమూర్తి నాయుడు విజయనగరమున వ్యాయామ విద్య గరపి సర్కసునకు పోయెను. రామమూర్తి రొమ్ముపై ఏనుగు నిలుచుట నాటి ప్రజలు కన్నులార చూచిరి. ఆ బలమును అంకెలలో వ్రాసియుంచినవారు మాత్రము నాకు కనబడలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రశ్న మారెను. ఎంత బరువెత్తగలడు అన్నదానికంటె, ఎంత త్వరగా అలసట తీరి మరల పనికి సిద్ధుడగును అన్నదే సైన్యమునకు ముఖ్యమయ్యెను. హార్వర్డులో 1927లో వెలసి 1947 వరకు నడచిన అలసట పరిశోధనాలయమున పనిచేసిన లూసియన్ బ్రూహా అను బెల్జియను శాస్త్రజ్ఞుడు 1943లో మెట్టు పరీక్షను ప్రకటించెను. ఇరువది అంగుళముల ఎత్తుగల బల్లపైకి నిమిషమునకు ముప్పది పర్యాయముల చొప్పున ఐదు నిమిషములు ఎక్కి దిగవలెను. శక్తి చాలనివాడు నడుమ ఆగవచ్చును. కూర్చుండిన పిమ్మట ఒకటవ, రెండవ, మూడవ నిమిషములు నిండగానే అర నిమిషము చొప్పున నాడిని లెక్కింతురు. ఐదు నిమిషములును ఎక్కి దిగినవాని నాడి వరుసగా 80, 65, 55 సార్లు కొట్టుకొనెననుకొందము. మొత్తము 200, దాని రెట్టింపు 400. శ్రమించిన 300 సెకనులను నూరుతో గుణింపగా వచ్చిన 30,000ను ఆ 400చే భాగించినచో 75 వచ్చును. 90కి పైబడిన ఫలితము శ్రేష్ఠము, 55కు లోపు హీనము. 75 మధ్యమమునకు కొంచెము మీద. ఒక బల్లయు, ఒక గడియారమును, నాడి చూడ నేర్చిన చేతివ్రేళ్లును ఉన్నచో ఏ పల్లెబడిలోనైనను జరుపదగిన పరీక్ష యిది. ఇంత లోతైన విషయమును ఇంత స్వల్ప సామగ్రితో పట్టిన ప్రజ్ఞను నేను మనసార మెచ్చుకొందును.

1950 తరువాత, కండల కనీస పటుత్వమును చూచు క్రౌస్–వెబర్ పరీక్షలలో అమెరికను బాలలలో సగమునకు పైగా తప్పిరి; యూరపు బాలలలో తప్పినవారు పదింట ఒకరైనను లేరు. ఈ వార్త అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు చెవిని బడి, 1956లో యువజన దేహపటుత్వ మండలి ఏర్పడెను. 1958లో వెలువడిన జాతీయ పరీక్షలో పుల్లప్పులు భుజబలమునకును, సిటప్పులు పొట్ట కండలకును, అటునిటు పరుగు చురుకుదనమునకును, నిలుచుండి దూకుట కాళ్లశక్తికిని, 50 గజముల పరుగు వేగమునకును, 600 గజముల పరుగు ఓర్మికిని ఉద్దిష్టములయ్యెను; బంతి విసరుటయు నుండెను. అయితే క్రౌస్–వెబర్ పరీక్షలలో మోకాళ్లు వంచక నేల నంటుట అనునది ఉండగా, ఈ నూతన పరీక్షలో వంగుడునకు స్థానమే లేకపోయెను. ఏ లోపము బయటపడినదో దానినే విడిచిపెట్టుట పెద్ద పొరపాటు.

మన దేశమున హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. కళాశాల వ్యాయామోపాధ్యాయులను తీర్చిదిద్దెను. 1959–60లో ప్రభుత్వమే జాతీయ దేహపటుత్వ పరీక్షల నారంభించెను. నేటి ఖేలో ఇండియా పరీక్షలలోని 50 మీటర్ల, 600 మీటర్ల పరుగులను చూచినవారికి 1958 నాటి గజముల పరుగులు స్ఫురింపక మానవు. సంతోషకరమైన విషయ మేమనగా, కూర్చుండి ముందునకు వంగు పరీక్ష ఇందు చేరినది.

పండ్రెండు నిమిషముల కూపర్ పరుగు 1968లోను, ఇరువది మీటర్ల దూరమున గంటధ్వనికి సరిగా అటునిటు పరుగెత్తు లెజే పరీక్ష 1982లోను వచ్చెను. లెజే పరీక్ష సంతతిదే క్రికెట్ జట్టులు నేడు వాడు యో-యో. 2018 ఐ.పి.ఎల్.లో 602 పరుగులు చేసి భారత జట్టునకు ఎన్నికైన అంబటి రాయుడు ఈ పరీక్షలో తప్పి ఇంగ్లండు పర్యటనకు దూరమయ్యెను. పిమ్మట నెగ్గి అదే యేట ఆసియా కప్పులో ఆడెను. యో-యో బ్యాటు పట్టు నేర్పును కొలువదు, కొలుచునని దాని కర్తయు చెప్పలేదు. మన పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు నా మనవి యిది: ప్రతి బాలునకును బాలికకును ఒక పుస్తకము తెరచి, ఏ పరీక్షలో ఏ ఫలితము వచ్చినదో తేదీతో వ్రాసి, దానిని తోటివాని యంకెతో గాక ఆ బిడ్డ నిరుటి యంకెతోనే పోల్చి చూడుడు.