ఆసు దగ్గర మొదలుకావాల్సిన ప్రయాణం

హైదరాబాద్ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లికి నలభై యాభై కిలోమీటర్ల దూరం. సెలవు రోజున వెళ్లినవాళ్లు సాధారణంగా మూడు చోట్ల ఆగుతారు. చెరువు ఒడ్డున పర్యాటక కేంద్రంలో ఉన్న చేనేత మ్యూజియం చూస్తారు, వినోబా మందిరం ముందు ఫొటో దిగుతారు, ఆపైన చీరల దుకాణాలకు వెళ్తారు. సాయంత్రానికి చీర సంచీతో ఇల్లు చేరతారు. ఈ సందర్శనలో నేత పని ఎంతవరకు కంటపడుతోంది? దీనివల్ల నేతన్నలకు మేలు జరుగుతోందని చెప్పడానికి ఉన్న ఆధారాలు ఎంత గట్టివి? ఈ రెండు ప్రశ్నలకే ఈ వ్యాసం పరిమితం.

ముందుగా గుర్తింపుల సంగతి చూద్దాం, ఎందుకంటే పోచంపల్లి గురించి జరిగే ప్రచారమంతా వాటి చుట్టూనే తిరుగుతోంది. దేశమంతటా ఈ ఊరి పేరు మొదట వినబడింది భూమి వల్ల. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడి దళిత కుటుంబాలను మీకేం కావాలని అడిగితే, 80 ఎకరాల భూమి ఇప్పించమన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమానికి అదే ఆరంభం. ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది అప్పటి నుంచే. ఇక్కడి నేత అయిన ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లో దక్కింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ తొలిసారి ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో మన దేశం నుంచి పోచంపల్లికి చోటు దొరికింది.

వీటి సరసనే ‘యునెస్కో గుర్తింపు పొందిన పోచంపల్లి’ అనే మాట కూడా తరచూ వినిపిస్తుంటుంది. ఇక్కడ కొంచెం ఆగాలి. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది దేశంలోని పేరున్న చీరల నేత కేంద్రాల సముదాయం. అందులో పోచంపల్లి ఒకటి. తాత్కాలిక జాబితా అంటే భవిష్యత్తులో ప్రతిపాదించదలచుకున్నవాటి పట్టిక మాత్రమే. అది ప్రపంచ వారసత్వ హోదాతో సమానం కాదు. అలాగే భౌగోళిక గుర్తింపు ప్రధానంగా పేరుకు రక్షణ. పోచంపల్లిది కాని బట్టను ఆ పేరుతో అమ్మితే అడ్డుకునే హక్కు దానివల్ల వస్తుంది. అదే డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చువేసి వేరే పేరుతో అమ్మితే ఆ గుర్తింపు ఒక్కటే చాలదు. పర్యాటక గ్రామం బిరుదుకు సంస్కృతి, ప్రకృతి, ఆర్థికం, సామాజికం వంటి పలు అంశాలు కలిపి చూశారు. అది కూలి రేట్ల మీద ఇచ్చిన తీర్పు కాదు. ఈ గౌరవాలు నిజమైనవే, ఊరు గర్వపడదగ్గవే. కానీ వీటిలో ఏ ఒక్కదాన్నీ నేతన్న ఆదాయానికి రుజువుగా చూపలేం.

ఇక పని సంగతి. ఇక్కత్‌ను మన దగ్గర చిటికి అని కూడా అంటారు. మామూలు చీరకు నేతలోనో, నేసిన తర్వాత అద్దకంలోనో డిజైన్ వస్తుంది. చిటికిలో మగ్గం ఎక్కకముందే డిజైన్ నూలులో ఉంటుంది. ఏ పోగు ఏ రంగులో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే లెక్కగట్టి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. కట్టడానికి ఎక్కువగా వాడేది సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. రంగు ఆరాక ఒక్కో కట్టు విప్పుతుంటే లోపల తెల్లటి నూలు బయటపడుతుంది. కట్టు ఏ కాస్త వదులైనా అక్కడ రంగు పాకి, చీర మీద పువ్వు అంచు చెదురుతుంది. పడుగులో మాత్రమే కట్టు కట్టడం ఒక పద్ధతి, పేకలో మాత్రమే కట్టడం ఇంకొకటి. పడుగూ పేకా రెండింటిలోనూ కట్టి, మగ్గం మీద రెండు డిజైన్లూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడేట్టు నేయడం అన్నిటికన్నా కష్టం.

పేక నూలుకు కట్లు కట్టేముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, ఎదురుగా ఒక మేకు ఉన్న చట్రం అది. నూలును ఆ మేకు నుంచి వంపులోని మేకుకు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిప్పుతూ పోవాలి. తరతరాలుగా ఈ పని ఇంటి ఆడవాళ్లదే. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుందని, నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం కథ ద్వారా లోకానికి తెలిసింది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. దానితో ఈ పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగానూ వచ్చింది. ఆ అంకెలను కాస్త దగ్గరగా చూడండి. సగటున అయిదు గంటలనుకుంటే నిమిషానికి 30 సార్లు, అంటే రెండు సెకన్లకు ఒకసారి చెయ్యి చాచి వెనక్కి తేవాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. పోచంపల్లి చీర ధరలో దీని వాటా ఎంతని దుకాణం బిల్లు చెప్పదు.

సందర్శకుడి కంటికి ఇదంతా ఎందుకు ఆనదంటే, మనకు మగ్గం చూపిస్తారు. గుంట మగ్గం మీద నేతగాడు కాలితో తొక్కుతూ చేత్తో నాడె విసరడం చూడ్డానికి బాగుంటుంది, పది నిమిషాల్లో అర్థమైనట్టూ అనిపిస్తుంది. కానీ చిటికిలో నేత చివరి అంకం. అంతకుముందు ఆసు, కట్లు, అద్దకం, కండెలను వరస తప్పకుండా సిద్ధం చేయడం, ఇవన్నీ ఇళ్లల్లో, వరండాల్లో, రోజుల తరబడి జరుగుతాయి. మగ్గం ముందు నిలబడి వచ్చినవాడికి నేసిన మనిషి గుర్తుంటాడు. నూలు సిద్ధం చేసిన మనిషి గుర్తుండే అవకాశమే లేదు. 2019–20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని నేత కార్మికుల్లో 70 శాతానికి పైగా మహిళలే. మ్యూజియంలోనూ, దుకాణంలోనూ ఈ వాస్తవం కనబడాలి.

మ్యూజియం అద్దం చూపలేనివి ఇంకా ఉన్నాయి. ఇదే జిల్లాలోని పుట్టపాక తేలియా రుమాలుకు ప్రసిద్ధి. చీరాల నుంచి ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతైన బట్ట అది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికితేనే ఆ ఎరుపు పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ప్రధానంగా ఆ మూడే రంగులు. పేరులోని తైలం వాసనగా బట్టలోనే ఉంటుంది. అద్దాల పెట్టెలో ఆ వాసన ఉండదు, మెత్తదనం తెలియదు. పుట్టపాకలో ఈ విద్యను నిలబెట్టిన గజం గోవర్ధన, గజం అంజయ్య ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

చేర్యాల నకాషీ పటం ఇంకో ఉదాహరణ. చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్ట మీద గీసే పొడవాటి పటాలవి. ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని చెప్పే కళాకారులూ వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులివారు. చీర నేసే కులపు కథ పటంలో ఉంటే, ఆ పటం గీసే ఊరు మరొకటి, చెప్పే కులం ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి చూపించే సందర్శన దొరకడం అరుదు. మ్యూజియం గోడకు నిలువుగా వేలాడే పటం బొమ్మల వరసగా కనిపిస్తుంది. కథకుడి చేతిలో అది కొంచెం కొంచెంగా విప్పుకుంటుంది, చూసేవాడికి తర్వాతి బొమ్మ ఏదో తెలియదు.

ఆదాయం మాటకొస్తే చెప్పగలిగింది కొద్దే. 2009–10 గణనలో దేశంలో చేనేత మీద పనిచేసేవాళ్లు 43 లక్షలు, 2019–20లో 35 లక్షలు. ఆ రెండో గణనలో నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే అని తేలింది. ఇవి దేశం మొత్తానికి సంబంధించిన అంకెలు. పోచంపల్లికి యథాతథంగా అతికించడం తప్పు. పైగా ఈ గణన నాటికి ఉత్తమ పర్యాటక గ్రామం బిరుదు రానేలేదు. కాబట్టి పర్యాటకం వల్ల ఇక్కడి ఆదాయం పెరిగిందనిగానీ పెరగలేదనిగానీ ఈ అంకెలతో వాదించలేం. అవి ఒక్క విషయం మాత్రం బలంగా చెబుతున్నాయి. చేనేతకు దక్కే గౌరవం, చేనేత కుటుంబానికి దక్కే డబ్బు వేరువేరుగా కొలవాల్సినవి. సందర్శకుల సంఖ్యను విజయంగా లెక్కించే ముందు, ఆసు పోసినవాళ్లకు, కట్లు కట్టినవాళ్లకు ఎంత ముట్టిందో కూడా లెక్క కట్టాలి.

వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. చీర కొనేముందు తిరగేసి చూడండి. అసలు చిటికిలో రంగు నూలుకే పట్టి ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకే గాఢతలో కనిపిస్తుంది. పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు, సన్నగా ఈకల్లా విడిపోయినట్టు ఉంటుంది. అచ్చు చీరకు సాధారణంగా వెనకవైపు పాలిపోయి, అంచు పదునుగా ఉంటుంది. ఆ తర్వాత అమ్మేవాళ్లను ఒక్క మాట అడగండి: ఈ చీరకు ఆసు ఎవరు పోశారు? జవాబు చెప్పగలిగిన ఇంటి దగ్గరే కొనండి.

మ్యూజియంల నిర్వాహకులకు మరో విన్నపం. మగ్గం పక్కనే ఒక ఆసు చట్రం పెట్టండి, వచ్చినవాళ్లను అయిదు నిమిషాలు పోయమనండి. చేతివాటం ఉన్నవాళ్ల వేగంతోనే పోసినా ఆ అయిదు నిమిషాల్లో 150 సార్లు చెయ్యి తిరుగుతుంది. ఆ ఒక్క చీరకే ఇంకా 8,850 మిగిలి ఉంటాయి.