స్థూలకాయ శస్త్రచికిత్స - లాపరోస్కోపీ, రోబోటిక్ పద్ధతులు

జీర్ణాశయ పరిమాణాన్ని తగ్గించి, లేదా ఆహారం ప్రేగులోనికి పోయే మార్గాన్ని మార్చి బరువు తగ్గించే చికిత్సను స్థూలకాయ శస్త్రచికిత్స లేదా బేరియాట్రిక్ సర్జరీ అంటారు. దీనిని ముఖ్యంగా లాపరోస్కోపీ, రోబోటిక్ పద్ధతులలో చేస్తారు. రెండింటిలోనూ పొట్టపై చిన్న రంధ్రాలే చేస్తారు. పరికరాలను నడిపే విధానంలోనే తేడా ఉంది.

== లాపరోస్కోపీ ==
పొట్టలో కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, కెమెరా దృశ్యాన్ని తెరపై చూస్తూ వైద్యుడు పొడవైన పరికరాలను స్వయంగా చేతులతో నడుపుతాడు. ఈ పద్ధతిలో గాస్ట్రిక్ బైపాస్ చికిత్సను అమెరికా వైద్యులు విట్‌గ్రోవ్, క్లార్క్ ప్రభృతులు 1994లో ప్రకటించారు.

== రోబోటిక్ పద్ధతి ==
వైద్యుడు కన్సోల్ వద్ద కూర్చుని, త్రిమితీయ దృశ్యాన్ని చూస్తూ యంత్రహస్తాలను నడుపుతాడు. పరికరాల కొనలు మణికట్టు వలె తిరుగుతాయి. యంత్రం తనంతట తాను ఏమీ కోయదు. డా విన్సీ యంత్రానికి అమెరికాలో 2000లో అనుమతి లభించింది.

== పోలిక ==
బరువు తగ్గుదలలో రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. రోబోటిక్ పద్ధతికి సాధారణంగా సమయం, ఖర్చు ఎక్కువ. అతి స్థూలకాయులకు, రెండవసారి చేసే శస్త్రచికిత్సలకు ఇది సౌకర్యమని పలువురు వైద్యుల అభిప్రాయం. ఫలితాలు దాదాపు సమానమైనందున, యంత్రం కన్నా వైద్యుని అనుభవమే ముఖ్యం. స్లీవ్ గాస్ట్రెక్టమీలో తొలగించే సుమారు 80 శాతం జీర్ణాశయాన్ని ఏ పద్ధతిలోనూ తిరిగి అమర్చలేరు. చికిత్స తరువాత ఆహార నియమాలు, విటమిన్లు, వైద్య పరీక్షలు జీవితాంతం అవసరం.