అరసున్న ఇచ్చే ఆధారం: తెలుగు కావ్య పరిశోధనకు కంప్యూటర్ సాయం

1949 నవంబరులో ఇటలీకి చెందిన జెసూట్ పండితుడు రొబెర్తో బూసా న్యూయార్క్‌లో ఐబీఎం అధిపతి థామస్ జె. వాట్సన్‌ను కలిసి సాయం అడిగాడు. 13వ శతాబ్దపు తత్త్వవేత్త థామస్ అక్వినాస్ రచనలన్నిటికీ పదసూచిక తయారు చేయాలన్నది ఆయన సంకల్పం. మానవీయ శాస్త్రాల్లో కంప్యూటర్ వాడకం చరిత్రను చాలామంది ఈ భేటీతోనే మొదలుపెడతారు. నాకు అంతకుముందు జరిగిన పని మరింత ముఖ్యంగా తోస్తుంది. అక్వినాస్ రచనల్లో ‘సన్నిధి’ అనే భావనను పరిశీలిస్తూ, అది ఆ అర్థమున్న నామవాచకాల్లో కంటే ‘ఇన్’ అనే చిన్న అవ్యయం చుట్టూ ఎక్కువగా అల్లుకుని ఉందని బూసా గుర్తించాడు. ఆ మాట ఉన్న వాక్యాలను దాదాపు 10,000 కార్డుల మీద చేత్తో రాసుకున్నాడు. సాయం కోరి వెళ్లేనాటికే ఏ మాటను, ఎందుకు వెతకాలో ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఐబీఎం ఇంజనీరు పాల్ టాస్మన్ ఆయనతో కలిసి పనిచేశాడు. మిలాన్ దగ్గరి గల్లారాతెలో శిక్షణ పొందిన యువతులు లాటిన్ పాఠాన్ని కార్డులకెక్కించారు. వారి పేర్లు చాలాకాలం చరిత్రలోకి ఎక్కలేదు. ఇటీవలి పరిశోధకులు ఆ లోటు తీరుస్తున్నారు. సుమారు 1.1 కోట్ల పదాల ఆ సూచిక 1974 నుంచి 1980 వరకు 56 సంపుటాలుగా అచ్చయింది. అందులో యంత్రం పనిచేసిన గంటలకంటే మనుషులు పనిచేసిన గంటలే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్కో పదం ఏ మూలరూపానికి చెందుతుందో నిర్ణయించడం పండితుల మీదే పడింది.

బూసా అడిగిన ప్రశ్నను తెలుగు కావ్యానికి వేద్దాం. లాటిన్‌లో ‘ఇన్’ విడిగా నిలబడుతుంది, కాబట్టి వెతికితే దొరుకుతుంది. మన సప్తమి అలా ఉండదు. ఇంట, ఇంటను, ఇంటిలో, ఇంట్లో, ఇంటియందు: విభక్తి నామంతో కలిసిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల ఔపవిభక్తికరూపమే ఆ పని చేస్తుంది. రెండు ఖాళీల నడుమ ఉన్నదే పదమనుకునే యంత్రానికి ఇది అందదు.

పద్యంలో చిక్కు ఇంకా ముదురుతుంది. ‘పూచెను’, ‘కలువలు’ కలిస్తే ‘పూచెఁ గలువలు’ అవుతుంది. ‘కలువ’ అని వెతికిన పరిశోధకుడికి ఆ పద్యం కనిపించదు. కాళ్ల జాడలను ఎవరో చూశారనుకుందాం: ‘చూచెను + కాలి గుర్తులు’ సంధిలో ‘చూచెఁ గాలి గుర్తులు’ అవుతుంది. ఇక్కడ ఉన్నది కాలా, గాలా? తేల్చేది అరసున్న. ద్రుతం మీద పరుషం సరళమైనచోటే ఆ బిందువు వస్తుంది. మొదటినుంచీ సరళమే అయిన ‘గాలి’ ముందు దానికి చోటు లేదు. చిన్నయసూరి సూత్రాలు చదివినవారికి ఇది తెలిసిన సంగతే. కానీ కావ్యపాఠాన్ని కంప్యూటర్‌కెక్కించే దశలో అరసున్నను పాతకాలపు అలంకారమనుకుని తీసేస్తుంటారు. స్కాన్ చేసిన పేజీ నుంచి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ చిన్న గీతను తరచు జారవిడుస్తుంది. అరసున్న పోతే పదాన్ని విడదీయడానికి ఉన్న ఆధారం పోతుంది. అందుకే అరసున్నలు లేని పాఠాన్ని ‘శుద్ధి చేసిన పాఠం’ అనడానికి నేను ఒప్పుకోను. పరిశోధనకు అది పనికిరాదు.

లిపి సంకేతాల కొరత ఈ పొరపాటుకు సాకు కాదు. యూనికోడ్‌లో అరసున్న, బండి ఱ తొలినాళ్ల నుంచీ ఉన్నాయి. ౘ, ౙ 2008లోనూ, నకారపొల్లు 2021లోనూ చేరాయి. లోటు ఉన్నది భాషా విశ్లేషణలో. యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే అంతర్జాతీయ సంకలనంలో తెలుగు భాగం 1300 పైచిలుకు వాక్యాలు. అవి భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణలు. నేటి వాక్యనిర్మాణానికి అది మంచి పునాది. అయితే దానితో శిక్షణ పొందిన పరికరానికి తిక్కన పద్యం ఇచ్చి ఫలితం బాగాలేదని నిందించడం న్యాయం కాదు.

సంస్కృతంలో పని ఎలా ముందుకు సాగిందో చూస్తే మనకు దారి కనిపిస్తుంది. ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్త జెరార్ యుయే సంధి విడదీసే సాధనాన్ని నిర్మించాడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి బృందం పాణినీయ సంప్రదాయం ఆధారంగా సాధనాలు రూపొందించింది, యుయేతోనూ కలిసి పనిచేసింది. అక్కడ ఒకరు పని అప్పగించి వెళ్లిపోతే మరొకరు పూర్తిచేయలేదు. వ్యాకరణం తెలిసినవారు, ప్రోగ్రాం తెలిసినవారు ఒకే చిక్కుముడి ముందు కలిసి కూర్చున్నారు.

తెలుగు పరిశోధకులు సాయం కోరేటప్పుడు ‘ఈ కావ్యాన్ని వెతకడానికి వీలుగా మార్చిపెట్టండి’ అంటే చాలదు. ఇంజనీరు తన ఊహ మేరకు మార్చేస్తాడు, అరసున్న అక్కడే పోతుంది. ముందుగా కొన్ని పద్యాలను చేత్తో విడదీసి చూపాలి. సందేహమున్నచోట రెండు విభజనలూ ఇవ్వాలి. పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నదో చెప్పాలి. సంధి చేయడానికి వ్యాకరణంలో సూత్రాలున్నాయి గాని, కలిసిన రూపం నుంచి వెనక్కి నడవడానికి ఒకటికి మించి దారులుంటాయి. వాటిలో ఏది కవి ఉద్దేశించినదో తేల్చడానికి సాక్ష్యాలు కావాలి.

మన పద్యంలో అలాంటి సాక్ష్యం ఒకటి సిద్ధంగా ఉంది. ‘రాముఁడు + అతని’ కలిసి ‘రాముఁ డతని’ అయినప్పుడు, యతిస్థానంలో ‘డ’ పడితే స్వరప్రధాన యతిలో అందులోని ‘అ’కే మైత్రి కుదురుతుంది. యంత్రానికి కనిపించేది ‘డ’, కవి లెక్కలోకి తీసుకున్నది ‘అ’. అంటే రెండో పదం ఎక్కడ మొదలవుతుందో కవే చెబుతున్నాడు. గణాలు, యతిప్రాసలు పరీక్షించే ‘ఛందం’ వంటి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే తెలుగులో ఉంది. యతి ఇచ్చే ఈ ఆధారాన్ని సంధి విభజనకు అనుసంధానించే పని ఛందస్సు తెలిసినవారు, ప్రోగ్రాం రాసేవారు కలిసి చేపట్టదగినది. కందపద్యాలతో మొదలుపెట్టవచ్చు: రెండు, నాలుగు పాదాల్లో నాలుగో గణం మొదటి అక్షరమే యతిస్థానం కాబట్టి యంత్రానికి దాని చోటు చూపడం తేలిక.