పునాది నుంచి గృహప్రవేశం వరకు: గోనెగండ్ల ప్రాంతంలో పేదల ఇళ్ల నిర్మాణ పురోగతి

(ప్రత్యేక వ్యాసం)

గృహ నిర్మాణంపై సమీక్షా సమావేశం ముగిసిన మరునాడు పత్రికలలో రెండు రకాల వార్తలు రావడం పరిపాటి. ఇళ్ల నిర్మాణం శరవేగంగా సాగుతున్నదని ఒక వార్త చెబుతుంది. మొండిగోడలే మిగిలాయని మరొకటి చెబుతుంది. చిత్రమేమంటే రెండింటికీ ఆధారం తరచుగా ఒకే నివేదిక. ఆ నివేదికలోని గడులను ఎవరు ఏ అర్థంలో చదివారన్న దానిపైనే ఈ తేడా ఆధారపడి ఉంటుంది. పశ్చిమ కర్నూలు ప్రాంతంలో పేదల గృహ నిర్మాణాన్ని గమనించే పాత్రికేయ మిత్రులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయుక్తంగా ఉండేందుకు ఆ గడుల అర్థాన్ని, వాటి వెనుక ఉన్న స్థానిక పరిస్థితులను ఇక్కడ వివరించడమైనది.

గోనెగండ్ల కర్నూలు జిల్లా ఆదోని రెవెన్యూ డివిజన్‌లో, ఎమ్మిగనూరు శాసనసభ నియోజకవర్గంలో ఉన్న మండల కేంద్రం. హంద్రీ నదిపై నిర్మించిన గాజులదిన్నె ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉన్నది. మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరిట దీనిని సంజీవయ్య సాగర్ అని వ్యవహరిస్తారు. ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం మొదట 4.5 టీఎంసీలు. ఇంతటి జలాశయం ఉన్నప్పటికీ కొత్త లేఅవుట్‌లో స్లాబు తడపడానికి బిందె నీళ్లు దొరకడం వేరే సంగతి. ఆ ప్రస్తావన ముందు వస్తుంది. ఈ ప్రాంతంలో పేదల ఇళ్లు రెండు తరహాలుగా నిర్మాణమయ్యాయి. గోనెగండ్ల వంటి మండలాలలో ఎవరి స్థలంలో వారు కట్టుకునే విడి ఇళ్లు ఒక తరహా. ఎమ్మిగనూరు, ఆదోని పురపాలక సంఘాల పరిధిలో టిడ్కో చేపట్టిన బహుళ అంతస్తుల సముదాయాలు మరో తరహా. రెండింటి పురోగతిని ఒకే కొలబద్దతో కొలవడం సరికాదు.

పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్ర పథకమైన ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలై, 1996 జనవరి 1 నుంచి స్వతంత్ర పథకమై, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్)గా మారింది. పట్టణాలకు సంబంధించిన ఆవాస్ యోజన 2015 జూన్ 25న ప్రారంభమైంది. రాష్ట్రంలో 2006 నుంచి ఇందిరమ్మ కార్యక్రమం, 2020 డిసెంబరు 25 నుంచి 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు' కింద పట్టాల పంపిణీ జరిగాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారిన తరువాత కాలనీల పేర్లు మారాయి. పేరు మారినంత మాత్రాన పునాది మారదు కనుక, పాత్రికేయులు ఒక ఇంటి చరిత్రను మంజూరైన సంవత్సరం నుంచి చూడడం మంచిది. పేరు మారిన రోజు నుంచి లెక్క మొదలుపెడితే పాత ఆలస్యం కొత్త ఖాతాలోనో, పాత పని కొత్త ఘనతలోనో కలిసిపోతుంది.

దశలు - వాటి అర్థాలు

రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ నివేదికలలో విడి ఇళ్లకు సాధారణంగా ఐదు గడులు ఉంటాయి. మొదటిది బీబీఎల్, అనగా పునాది మట్టానికి దిగువ దశ. రెండవది బీఎల్, పునాది పూర్తయి బేస్‌మెంట్ మట్టానికి వచ్చిన దశ. మూడవది ఆర్‌ఎల్, గోడలు పైకప్పు మట్టానికి చేరిన దశ. నాలుగవది ఆర్‌సీ, స్లాబు పోసిన దశ. ఐదవది పూర్తి అయినవి. వీటికి ముందు 'గ్రౌండింగ్' అనే మాట వినిపిస్తుంది. పని మొదలైందని మాత్రమే దాని అర్థం.

అసలు చిక్కు మొదటి గడిలోనే ఉన్నది. ముగ్గు పోసి నాలుగు గుంతలు తీసిన స్థలమూ బీబీఎల్‌యే, రాతి కట్టుడు దాదాపు పూర్తయిన పునాదీ బీబీఎల్‌యే. ఒక కాలనీలో నూటికి నూరు శాతం గ్రౌండింగ్ జరిగిందన్న ప్రకటనలో అసత్యం ఉండదు. అయితే అందులో సగం ఇళ్లు ఆ మొదటి గడిలోనే రెండేళ్లు నిలిచిపోయి ఉండవచ్చు. కనుక ఎన్ని ఇళ్లు మొదలయ్యాయన్నది అంతగా ఉపకరించే ప్రశ్న కాదు. గత సమీక్ష నాటికి బీబీఎల్‌లో ఉన్నవాటిలో ఎన్ని ఈ సమీక్ష నాటికి ఒక గడి ముందుకు జరిగాయన్నది అడగవలసిన ప్రశ్న. మొత్తం అంకె కన్నా ఈ కదలికే కాలనీ స్థితిని తెలుపుతుంది.

మరొక సూక్ష్మం కూడా గమనార్హం. కేంద్ర పథకాల జియో ట్యాగింగ్‌లో దశల విభజన రాష్ట్ర విభజనతో అచ్చంగా సరిపోలదు. అక్కడ పునాది, లింటెల్, పైకప్పు అనే తీరులో గడులు ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నిర్వహించే భువన్ పోర్టల్‌లో పట్టణ ఆవాస్ యోజన ఇళ్ల ఛాయాచిత్రాలు అక్షాంశ రేఖాంశాలతో నమోదయ్యాయి. అందువల్ల ఒకే ఇల్లు ఒకే తేదీన రెండు నివేదికలలో రెండు రకాలుగా కనిపించే అవకాశం ఉన్నది. దీనిని తప్పుడు లెక్కగా భావించే ముందు, ఏ నివేదిక ఏ నిర్వచనం ప్రకారం తయారైందో విచారించడం ఉచితం.

దశలకు ఇంతటి ప్రాధాన్యం ఉండడానికి కారణం బిల్లు. 2020లో ప్రారంభమైన పథకంలో గ్రామీణ ప్రాంతాలలో సెంటున్నర, అనగా 72.6 చదరపు గజాల స్థలం, పట్టణాలలో ఒక సెంటు స్థలం మహిళల పేరిట ఇవ్వడం జరిగింది. ఇంటి వైశాల్యం 340 చదరపు అడుగులు. యూనిట్ వ్యయం రూ.1.80 లక్షలు. దీనికి తోడు 20 టన్నుల ఇసుక ఉచితంగా, స్వయం సహాయక సంఘాల ద్వారా రూ.35 వేల వరకు పావలా వడ్డీ రుణం, ఉపాధి హామీ పథకం కింద 90 పనిదినాల వేతనం అనుసంధానించారు. సామగ్రిని ప్రభుత్వం సరఫరా చేసి కూలి ఖర్చు ఖాతాలో వేయడం, లబ్ధిదారే సామగ్రి కొనుక్కొని కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం అనే మూడు ఐచ్ఛికాలు ఉండేవి. దశ నమోదైతేనే బిల్లు వస్తుంది. అంటే ఆ దశ వరకు అయ్యే ఖర్చును లబ్ధిదారు ముందుగా ఎక్కడో ఒకచోట తెచ్చి పెట్టాలి. బేల్దారికి వారం వారం కూలి ఇవ్వాలి. అతడు బిల్లు వచ్చేదాకా ఆగడు, మరో ఊరికి పనికి పోతాడు. పని ఆగిన ఇళ్లలో అధికభాగం వెనుక ఉన్న కథ ఇదే. ఇందులో లబ్ధిదారు నిర్లక్ష్యం పాలు తక్కువ.

సుగ్గి, నీరు, నల్లరేగడి

ఈ ప్రాంతపు అంకెలను కోస్తా జిల్లాల అంకెల పక్కన పెట్టి పోల్చేవారు ఒక్క మాట తప్పక తెలుసుకోవాలి. అది 'సుగ్గి'. కన్నడంలో పంటకోతల కాలానికి వాడే ఈ మాట సరిహద్దు మండలాలలో వలసకు పర్యాయపదమైంది. ఖరీఫ్ పనులు ముగిసి దీపావళి దాటిన తరువాత ఆదోని డివిజన్ గ్రామాలలోని కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు తదితర ప్రాంతాలకు తరలిపోతాయి. ఇంటికి తాళం పడుతుంది. పిల్లల చదువు ఆగకుండా ఉండేందుకు సీజనల్ హాస్టళ్లు నిర్వహించవలసి వచ్చిందంటే వలస విస్తృతి ఎంతటిదో గ్రహించవచ్చు. తిరిగి ఊరు చేరేది ఉగాది ప్రాంతంలో.

ఇప్పుడు సంవత్సరాన్ని లెక్కించి చూడండి. నవంబరు నుంచి మార్చి వరకు వాన లేదు, ఎండ తీవ్రత లేదు. కట్టడానికి అత్యంత అనుకూలమైన ఈ కాలంలో ఇంటి యజమానురాలు ఊళ్లో ఉండదు. జూన్ నుంచి అక్టోబరు వరకు పొలం పని, నడుమ వానలు. ఆషాఢంలో చాలామంది కొత్త పని ముట్టరు. మిగిలేది ఉగాది నుంచి తొలకరి వరకు రెండున్నర నెలలు. చేతిలో సుగ్గి కూలి డబ్బులు కాస్త ఉండేదీ అప్పుడే. కాని అది నడివేసవి. కాంక్రీటు పనులకు ప్రామాణికమైన ఐఎస్ 456 (2000) ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. వేడి, పొడి వాతావరణంలో 10 రోజులకు తక్కువ కారాదు. పోజోలానా వంటి మిశ్రమ సిమెంటు వాడితే అటువంటి వాతావరణంలో 14 రోజులు. ఊరి వెలుపలి లేఅవుట్‌లో బోరు ఎండితే ఆ పద్నాలుగు రోజుల నీళ్లు ట్యాంకరుతో రావాలి, డబ్బు పెట్టి కొనాలి. నీళ్లు కొనలేని ఇంటి స్లాబు కూడా నివేదికలో ఆర్‌సీ గడిలోనే చేరుతుంది. దాని బలహీనత మాత్రం నాలుగేళ్ల తరువాత పగుళ్ల రూపంలో బయటపడుతుంది.

జనవరి సమీక్షలో గోనెగండ్ల, కోసిగి, పెద్దకడుబూరు వంటి మండలాల గడులు కదలకపోతే సిబ్బందికి సంజాయిషీ నోటీసులు ఇవ్వడం వల్ల ఒరిగేది స్వల్పం. ఏప్రిల్ నాటికి సిమెంటు, కమ్మీలు, ఇసుక మండల కేంద్రంలో సిద్ధంగా ఉన్నాయా, లేఅవుట్‌కు నీటి వసతి ఉన్నదా అని జనవరిలోనే చూసుకోవడం ప్రయోజనకరం. మూడు దశాబ్దాలుగా సమీక్షలకు హాజరైన ఈ వ్యాసకర్తకు, నిర్మాణ ప్రణాళికను ఆర్థిక సంవత్సరానికి కాక సుగ్గికి ముడిపెట్టి వేయవలసిందన్న అభిప్రాయం బలంగా ఉన్నది.

నేల స్వభావం మరో ముఖ్యాంశం. పశ్చిమ కర్నూలులో విస్తారంగా ఉన్న నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు వారి కుంచించుకుపోతుంది. పునాది లోతు చాలకపోతే గోడ ఏటా ఎత్తుకొని దిగుతూ మూలల వద్ద చీలుతుంది. ఇటువంటి నేలల కొరకే రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ అడుగున గుండ్రని ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. సాధారణ పునాది వేసేవారు గట్టినేల తగిలేదాకా తవ్వి, రేగడి తీసివేసి, మొరం నింపవలసి ఉంటుంది. ఆ మొరం ఖర్చు యూనిట్ వ్యయంలో అంతగా ఇమడదు. ఎర్రనేలలోని ఇంటికీ, రేగడిలోని ఇంటికీ మంజూరు ఒకటే. బీబీఎల్ గడిలో ఇళ్లు పేరుకుపోయిన లేఅవుట్‌కు వెళ్లినప్పుడు ముందుగా కాలి కింది మట్టిని చూడవలసినదిగా సూచన. ఈ ప్రాంతపు పాత మట్టి మిద్దెలలో ఉండి వచ్చిన వృద్ధులకు ఈ సంగతి ఏ ఇంజనీరూ చెప్పనక్కరలేదు.

ఎమ్మిగనూరు, ఆదోని సముదాయాలు

టిడ్కో ఇళ్ల తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఇవి 300, 365, 430 చదరపు అడుగుల వైశాల్యాలతో, నేల అంతస్తుపై మరి మూడు అంతస్తులుగా, షియర్ వాల్ పద్ధతిలో నిర్మించినవి. ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం అచ్చులు బిగించి గోడలను, స్లాబును కలిపి కాంక్రీటుతో పోస్తారు. అందువల్ల దూరం నుంచి చూసేవారికి భవనం వేగంగా లేచి, రంగులు కూడా వేసుకొని, పూర్తయినట్లు కనిపిస్తుంది. ఇక్కడ ఆలస్యం గోడలలో కాక గోడల వెలుపల ఉంటుంది. రోడ్లు, మురుగు కాలువలు, మురుగునీటి శుద్ధి కేంద్రం, తాగునీటి పైపులైను, విద్యుత్ ఉపకేంద్రం నుంచి లైను, ఇవి లేనిదే తాళం చేతులు ఇచ్చినా కాపురం ఉండడం సాధ్యం కాదు. భవన నిర్మాణం, మౌలిక వసతులు వేర్వేరు పద్దుల కింద నడుస్తాయి కనుక 'నిర్మాణం 90 శాతం' అన్నప్పుడు ఏ పద్దులో తొంభై శాతమో అడిగి తెలుసుకోవాలి.

300 చదరపు అడుగుల ఇంటిని ఒక్క రూపాయికే లబ్ధిదారుకు ఇవ్వాలని 2020లో నాటి ప్రభుత్వం నిర్ణయించింది. మిగిలిన రెండు తరహాలకు బ్యాంకు రుణం ఉన్నది. ఇల్లు చేతికి అందకముందే వాయిదాలు కట్టవలసి వస్తున్నదన్న ఫిర్యాదులు రాష్ట్రంలో పలుచోట్ల వచ్చాయి. అద్దె ఇంటికి అద్దె, రాని ఇంటికి వాయిదా కట్టే కుటుంబం దృష్టిలో పురోగతి శాతానికి అర్థం వేరు. రుణం మంజూరైన తేదీ, స్వాధీనం చేసిన తేదీ, ఈ రెండింటి మధ్య నెలల సంఖ్యను టిడ్కో వార్తలలో తప్పక ఇవ్వడం మంచిది.

పూర్తయిన ఇళ్ల సామూహిక గృహప్రవేశాలు 2023 అక్టోబరు 12న సామర్లకోటలోను, 2025 నవంబరు 12న అన్నమయ్య జిల్లా దేవగుడిపల్లిలోను రాష్ట్రస్థాయిలో జరిగాయి. రెండవ సందర్భంలో రాష్ట్రవ్యాప్తంగా మూడు లక్షలకు పైగా ఇళ్ల గృహప్రవేశాలు జరిగాయి. అంతకు ముందు 2025 మార్చిలో, నిర్మాణం నిలిచిపోయిన ఇళ్లకు అదనపు ఆర్థిక సహాయం ప్రకటించారు. ఎస్సీ, బీసీ లబ్ధిదారులకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు రూ.లక్ష. యూనిట్ వ్యయం చాలడం లేదని క్షేత్రస్థాయి సిబ్బంది ఏళ్లుగా చెబుతున్న విషయానికి ఇది అధికారిక అంగీకారంగా భావించవచ్చు.

'పూర్తి' అన్న గడిని పరిశీలించేటప్పుడు తలుపులు, మరుగుదొడ్డి, విద్యుత్ మీటరు, నీటి కనెక్షన్ ఉన్నాయా అని చూడాలి. విద్యుత్ సంస్థ వద్ద ఆ కాలనీలో ఎన్ని మీటర్లు ఉన్నాయి, వాటిలో ఎన్నింటిలో రీడింగు తిరుగుతున్నది అన్న వివరం తీసుకుంటే నివాసం ఉన్న ఇళ్ల సంఖ్య సుమారుగా తేలుతుంది. అయితే ఈ లెక్కను సంక్రాంతి రోజులలో తీయరాదు. సుగ్గికి పోయిన ఇంటి మీటరు కూడా తిరగదు. మే నెలలో తీసిన లెక్క నమ్మదగినది.

దశలవారీ వివరాలు మండల స్థాయిలో గృహ నిర్మాణ శాఖ సహాయక ఇంజనీరు కార్యాలయంలోను, టిడ్కో ఇళ్ల వివరాలు సంబంధిత పురపాలక కార్యాలయంలోను కోరవచ్చు. రాయితీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) నిర్దేశిస్తున్నది. దరఖాస్తు చేసేవారు ఒకే తేదీ నాటి పట్టిక కాకుండా ఏప్రిల్ 1, జూలై 1 నాటి రెండు పట్టికలను ఇళ్లవారీగా కోరినట్లయితే ఏ ఇల్లు కదిలిందో, ఏది కదలలేదో తెలుస్తుంది.