దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యులలో ముఖ్యుడు. రాజమండ్రిలో జన్మించి, బొంబాయిలో చిత్రకళ అభ్యసించి, తిరిగి స్వస్థలానికే వచ్చి అక్కడి యువకులకు చిత్రలేఖనం నేర్పాడు. 28వ ఏట మశూచి సోకి మరణించాడు. చిత్రకారుడిగా ఆయన పేరు విన్నవారు చాలామంది ఉన్నారు గానీ, ఉపాధ్యాయుడిగా ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు.

బాల్యం, కూల్డ్రే ప్రోత్సాహం

చిన్ననాటి నుండి రామారావుకు బొమ్మలు గీయడంపైనే ధ్యాస ఉండేది. ఆ రోజులలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. విద్యార్థులలో ప్రతిభ ఎక్కడ కనిపించినా దానిని పైకి తెచ్చేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆయన ప్రోత్సాహం పొందినవారే. రామారావు చేతిలోని పనితనాన్ని గుర్తించి, బొంబాయి వెళ్ళి శాస్త్రీయంగా నేర్చుకొమ్మని ప్రోత్సహించినది కూడా కూల్డ్రేయే. చిత్రకళను వృత్తిగా తీసుకోవడం చదువు రానివారి దారి అని మధ్యతరగతి కుటుంబాలు భావించే కాలమది. ఒక కళాశాల అధిపతి ఇచ్చిన ఆ ప్రోత్సాహం విలువ అందువల్లనే ఎంతో పెద్దది.

బొంబాయి చదువు, యాత్రలు

1916లో రామారావు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు పూర్తి చేశాడు. అక్కడి శిక్షణ ఐరోపా పద్ధతిలో సాగేది. మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయడం, శరీర నిర్మాణాన్ని కొలతలతో సహా అర్థం చేసుకోవడం, వెలుగునీడలను పట్టుకోవడం అందులో ప్రధానాంశాలు. చదువు తరువాత ఆయన గుజరాత్‌లోని కథియవాడ ప్రాంతంలో పర్యటించాడు. అక్కడి జనజీవనం ఆయన చిత్రాలలోకి వచ్చింది. కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ్ టాగూరును కూడా కలిశాడు.

శైలి

అప్పటికి దేశంలో రెండు ధోరణులు బలంగా ఉండేవి. బొంబాయి వారు కంటికి కనబడినదానిని యథాతథంగా చిత్రించడాన్ని బోధించేవారు. బెంగాలు వారు అజంతా, మొగలు చిత్రాల వైపు, జపాను పద్ధతుల వైపు చూసేవారు. పలుచని రంగు వేసి, కాగితాన్ని నీటితో తడిపి, మళ్ళీ రంగు వేసే 'వాష్' పద్ధతి వారి ప్రత్యేకత. దీనివలన చిత్రమంతా పొగమంచులో ఉన్నట్లు కనబడుతుంది.

రామారావు ఈ రెండింటిలో దేనినీ పూర్తిగా అనుసరించలేదు. ఆయన మనుషుల దేహాలలో బొంబాయి శిక్షణ తెలుస్తుంది. కానీ వాటిని చుట్టి ఉండే రేఖ మన కుడ్యచిత్రాలలోని రేఖ వలె స్పష్టంగా, లయబద్ధంగా సాగుతుంది. ముఖాలు, చీరకట్టు, నగలు, జడలు తెలుగువారివి. 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం', 'నందిపూజ' ఆయన పేరుపొందిన చిత్రాలు. స్త్రీనే ఎరుగని మునికుమారుని కథను తీసుకొని గీసిన 'ఋష్యశృంగ బంధనం' 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. గోదావరి తీర దృశ్యాలు కూడా అనేకం గీశాడు. పురాణ చిత్రాలకు వచ్చినంత పేరు వీటికి రాలేదు. నీరు, ఇసుక, ఆకాశం మాత్రమే ఉన్నచోట ఆయన ఎంత పొదుపుగా రంగు వాడాడో చూడాలంటే మాత్రం ఈ దృశ్యచిత్రాలనే చూడాలి.

రాజమండ్రిలో బోధన

బొంబాయిలోనో మరే పెద్ద నగరంలోనో స్థిరపడటానికి అవకాశం ఉన్నా రామారావు రాజమండ్రికే తిరిగి వచ్చాడు. ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంస్థను, ఒక చిత్రకళాశాలను నెలకొల్పి యువకులను చేరదీశాడు. వరదా వెంకటరత్నం ఆయనకు మిత్రుడు, ఈ కృషిలో కుడిభుజం. పాఠాలు ఇంట్లోవారికీ అందాయి. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. స్త్రీలు అక్షరాలు నేర్వడమే గొప్పగా భావించిన కాలంలో ఒకే ఇంట ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం విశేషం.

అంతకుముందు రవివర్మ చిత్రాల అచ్చుప్రతులను చూసి గీయడమే చాలామందికి తెలిసిన చిత్రకళాభ్యాసం. ఎదుట ఉన్న చెట్టును, మనిషిని, నదిని చూసి గీయడం రామారావు బాట. ఆయన వదిలి వెళ్ళిన చిత్తుపటాల పుస్తకాలు ఇందుకు సాక్ష్యం. వాటిలో ఒకే చేతిని, ఒకే భంగిమను పలుమార్లు గీసి చూసుకున్న పుటలున్నాయి. డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారుకు అప్పగించే నేటి బడులలో పిల్లలకు ముందుగా చూపవలసినవి పూర్తయిన చిత్రాలు కావు, ఈ పుటలే.

మరణం, తదనంతరం

1925 ఫిబ్రవరిలో మశూచితో రామారావు మరణించేనాటికి ఆయన స్వతంత్రంగా పనిచేసిన కాలం అయిదేళ్ళకు మించదు. తరచుగా పేర్కొనే లెక్క ప్రకారం ఆ కాలంలోను, విద్యార్థి దశలోను గీసినవి 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగు చిత్రాలు, సుమారు 250 పెన్సిలు చిత్రాలు, 28 చిత్తుపటాల పుస్తకాలు.

ఇవి చెల్లాచెదురు కాకుండా నిలవడానికి కారణం కుటుంబ సభ్యులు, వరదా వెంకటరత్నం. చిత్రాలను ఒక్కొక్కటిగా అమ్ముకొనక, వాటిని ఒకచోట చేర్చి రామారావు పేర స్మారక చిత్రకళామందిరాన్ని ఏర్పరచారు. దానికి అనుబంధంగా చిత్రలేఖన పాఠశాల కూడా సాగింది. వెంకటరత్నం చాలాకాలం అక్కడ పాఠాలు చెప్పాడు. రాజమండ్రిలో తరువాతి తరం చిత్రకారులలో పలువురు ఆయన వద్ద నేర్చినవారే. నేర్చుకునేవారికి ఆ మందిరంలోనే, నాలుగడుగుల దూరంలో, అసలు చిత్రాలు కనబడేవి. చిన్న పట్టణాలలోని విద్యార్థులకు ఇటువంటి వసతి అరుదు.

నీటిరంగు చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి. తేమకు కాగితంపై బూజు మచ్చలు ఏర్పడతాయి. గోదావరి ఒడ్డున ఉన్న ఊరిలో నూరేళ్ళు దాటిన కాగితాలను కాపాడటం చిన్న పని కాదు. ఈ సంగ్రహంలోని చిత్రాలను శాస్త్రీయ పద్ధతిలో పరిరక్షించి, ప్రతి పుటనూ ఛాయాచిత్రాలుగా భద్రపరచవలసిన అవసరం ఉంది. రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారినప్పటికీ, కళాప్రియులు ఈ మందిరాన్ని నేటికీ 'దామెర్ల ఆర్ట్ గ్యాలరీ' అనే పిలుస్తారు.