మాఘ పున్నమే మనకి రిహార్సల్

మొన్న మా తమ్ముడు అడిగాడు: "అన్నా, బందరులో పెద్ద పోటీలు పెడితే మనం ఎట్టా పోతాం?" పోవడం తేలికేరా అన్నాను. జనం పొద్దున్నించీ కొంచెం కొంచెంగా వొస్తారు. ఆట అయిపోగానే మాత్రం అందరూ ఒక్కసారే లేస్తారు. అసలు పరీక్ష అక్కడ.

లెక్క చూడండి. పల్లెవెలుగులో ఇంచుమించు 50 మంది కూర్చుంటారు. పది నిమిషాలకో బస్సు కదిలితే గంటకి 300 మంది. నిలబడేవాళ్లని కలిపి 450 అనుకున్నా, పదివేల మంది ఇళ్లకి చేరాలంటే 22 గంటలు! బస్సులు పెంచుతాం అంటారు. పెంచినా అవి తిరిగే చోటూ, జనం ఎక్కే చోటూ అవేగా?

అందుకే తెలివైనోళ్లు ముందే తోలి చూసుకుంటారు. 2000 ఒలింపిక్స్‌కి రెండేళ్ల ముందే, 1998లో, సిడ్నీవాళ్లు తమ ఈస్టర్ షోని ఒలింపిక్ మైదానాలకి మార్చారు. అదేం ఆట కాదు. ఆవులు, గొర్రెలు, పంటల ప్రదర్శన, మన తిరనాళ్ల లాంటిదే. ఆ జనాన్ని కొత్త రైలు మార్గం మీద మోసి చూసుకున్నారు. 1996లో అట్లాంటాలో మాత్రం బయటూళ్ల నించి తెచ్చిన డ్రైవర్లకి దారులు తెలీక ఆటగాళ్లే ఆలస్యమయ్యారు.

మనకి ఆ తిరనాళ్లు ఏటా వొస్తాయి. కార్తీక పున్నమికి మంగినపూడి, మాఘ పున్నమికి హంసలదీవి. 2025 జూన్‌లో మంగినపూడిలోనే మసులా బీచ్ ఫెస్టివల్ పెట్టి కయాకింగ్, బీచ్ కబడ్డీ ఆడించారు. రేపు ఇంకా పెద్దవి రావొచ్చు. గుడివాడ వాళ్లకి బందరు దాకా రైలుంది, ఆపైన పదకొండు కిలోమీటర్లే రోడ్డు. దివిసీమకి ఆ రైలు కూడా లేదు, అంతా బస్సే. పైగా 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్లకి బస్సు ఉచితం. మంచిదే, కానీ అంతకుముందు ఏ బస్సుకి ఎంతమందో వేసుకున్న లెక్కలు ఇప్పుడు పనికిరావు.

కాబట్టి ఈసారి మాఘ పున్నమికి కోడూరులో, అవనిగడ్డ బస్టాండులో డిగ్రీ పిల్లల్ని నిలబెట్టి రాయించండి. క్యూలో ఎంతసేపు నిలబడ్డారు, వెళ్లిన బస్సు ఎంతసేపటికి తిరిగొచ్చింది, అంబులెన్సుకి దారి దొరికిందా, ఆఖరి మనిషి ఎన్నింటికి ఎక్కాడు. నాకైతే ఆ ఆఖరి ప్రశ్నే ముఖ్యం.

ఎందుకంటే ఓ ఏడు పోటీలు చూసి రాత్రి బస్టాండుకొచ్చేసరికి మా వైపు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఇసక లారీ ఎక్కి చల్లపల్లిలో దిగాం. అక్కణ్ణించి మోపిదేవి దాకా నడక. తమ్ముడికప్పుడు పన్నెండేళ్లు, సగం దారి నా భుజం మీదే నిద్రపోయాడు.