ఏ మెట్టు మీద నిలబెట్టాలి?

బెజవాడ ఆటోనగర్‌లో కొత్తగా పనికొచ్చిన కుర్రాడికి ప్రశ్నపత్రం ఇవ్వరు. లారీ కింద పడుకున్న మేస్త్రీ చెయ్యి మాత్రం బయటికి చాచి, "ఒరేయ్, పద్నాలుగు-పదిహేను ఇలా అందుకో" అంటాడు. పెట్టెలో తడుముకుంటూ ఒక్కో పానా మీద అంకె చదివి చూసేవాడు ఇంకా హెల్పరే. బోల్టు తల చూసి, అడక్కముందే సరైన పానా అందించేవాడికి నాలుగు రోజుల్లో చక్రాలు విప్పే పని ఇస్తారు. ఇంజన్ మీద చెయ్యి వెయ్యనిచ్చేది ఇంకెప్పుడో. 1960ల్లో ఈ పేట వెలిసింది మొదలు ఇక్కడి ఆనవాయితీ ఇదే. ముందు రానిస్తారు, తర్వాత ఎంత వచ్చో చూస్తారు.

చదువుల్లో ఈ వరస పాటించింది అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీని వాటిలో మొదటిదిగా చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ ఇలాంటివి ఊరూరా ఉండాలంది. అడిగినవాళ్లకల్లా సీటు ఇవ్వడంతో చిక్కొచ్చింది. భిన్నాలు మర్చిపోయిన నడివయసు మనిషీ, కలన గణితం చేసేసిన పిల్లవాడూ ఒకే గదిలో కూర్చుంటే పాఠం ఎవరికి చెప్పాలి? అందుకని చేరాక పెట్టే పరీక్ష వచ్చింది. ఫెయిలనే మాట లేదు, ఏ తరగతిలో కూర్చోవాలో చెబుతుంది, అంతే.

1985లో కాలేజ్ బోర్డు తెచ్చిన ఆక్యుప్లేసర్‌తో ఇది కంప్యూటరెక్కింది. జవాబు సరైతే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పితే తేలికవుతుంది. గడియారం తరమదు. మన పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అంటే ప్రశ్నకో నిమిషం. అది రాసివచ్చిన పిల్లలకు ఇలాంటి పరీక్ష చూపిస్తే నమ్మరు.

మంచి ఉద్దేశంతో పుట్టిన ఈ పరీక్షే క్రమంగా అడ్డుగోడైంది. మార్కులు తగ్గినవాళ్లను క్రెడిట్లు లెక్కలోకి రాని పాత పాఠాల్లో కూర్చోబెట్టారు. ఫీజు కడుతూ, బీజగణితం మళ్లీ మళ్లీ చదువుతూ, విసిగి మానేసినవాళ్లు బోలెడు. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తీస్తే, గణితంలో సుమారు నలుగురిలో ఒకరిని, ఇంగ్లీషులో ముగ్గురిలో ఒకరిని పూర్తిగా తప్పు తరగతిలో వేస్తున్నట్టు తేలింది. హైస్కూలు మార్కులు చూసినా ఇంతకన్నా మెరుగేనట. కంపాస్ అనే మరో పేరున్న పరీక్షను 2016తో ఆపేశారు. 2017లో కాలిఫోర్నియా చట్టమే చేసి, హైస్కూలు రికార్డుకు పెద్దపీట వేసింది. టెక్సాస్‌లో మాత్రం టీఎస్ఐ అనే ఇలాంటి పరీక్ష ఇంకా ఉంది. ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ల కోసం దాన్ని రాస్తుంటారు.

మరి మన దగ్గర? సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, కాబట్టి పరీక్ష గుమ్మం దగ్గరే కాపలా కాసింది. 1950లో కేంద్రం వృత్తి శిక్షణ పథకం పెట్టింది, ఐటీఐలు దాని కిందికే వస్తాయి. వాటిలో సీటుకు పదో తరగతి మార్కులు చూస్తారు. 1986లో ఎంసెట్ వచ్చింది. పాలిటెక్నిక్‌లకు సీప్ ఉండేది, అదే తర్వాత పాలిసెట్. ఈ ప్రవేశ పరీక్షల ఫలితం ర్యాంకు. వెయ్యో ర్యాంకు వాడికి త్రికోణమితి వచ్చా, రాదా అన్నది కాలేజీలో ఎవరూ అడగరు.

అయితే మనకూ మెట్టు చూసి నిలబెట్టే పరీక్షలు లేకపోలేదు, పెద్దగా ఎవరూ పట్టించుకోరు, అంతే. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లకు సాంకేతిక విద్యా మండలి బ్రిడ్జి కోర్సు పెడుతుంది. అది గట్టెక్కితే డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. డిప్లొమా పూర్తయితే ఈసెట్. 200 మార్కుల్లో వంద ఇంజనీరింగ్‌కి, యాభై గణితానికి, మిగతా యాభై భౌతిక, రసాయన శాస్త్రాలకు. అది దాటితే బీటెక్ రెండో ఏడాది. ఆటోనగర్ కుర్రాడు ఇంజనీరింగ్ కాలేజీ వరకూ ఇలా ఎక్కుకుంటూ పోవచ్చు. నా దృష్టిలో ఎంసెట్ కన్నా గొప్ప ఆలోచన ఇదే. వచ్చినదాన్ని మళ్లీ మొదటినుంచి చదివించదు.

చేతిపనికి కొలత 2015 తర్వాత ఊపందుకుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, బడికి పోకుండా నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు పెట్టారు. లారీ బాడీలు కట్టే వెల్డర్లకు అచ్చంగా సరిపోయేదే. కానీ ఆ కాగితం పాలిటెక్నిక్ గుమ్మం దాటించదు. పోనీ ఐటీఐలో చేరదామన్నా, ఆటోనగర్‌కు అన్నం పెట్టే వెల్డర్, డీజిల్ మెకానిక్ రెండూ ఏడాది ట్రేడులు. బ్రిడ్జి కోర్సుకు కావలసింది రెండేళ్లది.